శ్రీశైలం చేతులు మారిన రోజు

1839 అక్టోబర్‌లో ఒక ఇంగ్లిష్ పదాతి పటాలం కర్నూలు మీదికి వచ్చింది. ఆ పటాలం జెండా మీద కర్నూలు పేరు లేదు. మన కందనవోలు సీమకూ, నల్లమల కొండ మీది మల్లన్న గుడికీ మాత్రం ఆ రాకతో యజమానులు మారిపోయారు.

బ్రిటిష్ సైన్యంలో చాలా పదాతి పటాలాలకు సొంత జెండాలు ఉంటాయి. తాము గెలిచిన పోరాటాల్లో ప్రభుత్వం గుర్తించినవాటి పేర్లు వాటి మీద కుట్టించుకుంటారు. 39వ పదాతి దళం జెండా మీద ప్లాసీ ఉంది, జిబ్రాల్టర్ ఉంది. స్పెయిన్‌లో నెపోలియన్ సేనలతో తలపడిన అల్బుహెరా, విటోరియా ఉన్నాయి. గ్వాలియర్ దగ్గరి మహారాజ్‌పూర్, రష్యాతో జరిగిన యుద్ధం నాటి సెవస్తపోల్ కూడా ఉన్నాయి. వీటన్నిటికీ తోడు ఒక లాటిన్ నినాదం: ప్రైమస్ ఇన్ ఇండిస్. హిందూదేశానికి మొట్టమొదట వచ్చినవాళ్లం మేమేనని దాని భావం.

కర్నూలు పేరు అందులో ఎక్కడా లేదు. వాళ్ల లెక్కలో అది గుర్తుపెట్టుకోదగ్గ యుద్ధం కాదు. కానీ శివరాత్రికి శ్రీశైలం ఎక్కే లక్షల మందిలో, ఆ గుడి పెత్తనం కర్నూలు నవాబు చేతి నుంచి ఎలా జారింది, ఎవరి చేతికి వెళ్లింది అని అడిగేవాళ్లకు జవాబు ఆ పటాలం వచ్చిన నెలలోనే దొరుకుతుంది. మన చరిత్ర పుస్తకాలు ప్లాసీకి అధ్యాయాలు కేటాయిస్తాయి. ఆ నెల పోరు జరిగిన, కర్నూలు నగరంలోనే ఉన్న జొహరాపురానికి ఒక పేరా కూడా దక్కదు. ఇది సరిదిద్దుకోవాల్సిన లోటని నా గట్టి నమ్మకం.

మద్రాసు రేవులో దిగిన పటాలం

1754 దాకా ఈ దేశంలో ఇంగ్లిష్‌వాళ్ల తరఫున పోరాడినవాళ్లు చాలావరకు ఈస్టిండియా కంపెనీ జీతగాళ్లే. ఆ ఏడాది కర్నల్ జాన్ ఆడ్లర్‌క్రాన్ వెంట మద్రాసులో దిగిన 39వ దళం, ఇంగ్లండు రాజు సైన్యం నుంచి ఇక్కడికి వచ్చిన మొదటి పటాలం. వాళ్ల నినాదానికి మూలం ఇదే. మూడేళ్లు తిరిగేసరికి అందులోంచి కొంతమంది జవాన్లు క్లైవ్ వెంట బెంగాల్ వెళ్లి, 1757 జూన్ 23న ప్లాసీ తోటల్లో నిలబడ్డారు. తర్వాత వందవాసిలో ఫ్రెంచివాళ్లను ఓడించిన ఐర్ కూట్ అప్పటికి ఈ దళంలోనే కెప్టెన్.

తెలుగు నేలకు సంబంధించి చెప్పుకోవాల్సిన పేరు మరొకటుంది. ఈ దళంలో మేజరుగా ఉన్న ఫ్రాన్సిస్ ఫోర్డ్, క్లైవ్ పిలుపు మీద రాజు కొలువు వదిలి కంపెనీ కొలువులో చేరాడు. విజయనగరం ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ల మీద సాయం కోరితే, 1758లో సైన్యంతో ఓడలెక్కి విశాఖపట్నంలో దిగింది అతనే. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద పోరు జరిగింది. ఫోర్డ్ తన తెల్ల సైనికులను ఎత్తుగా పెరిగిన పైరు చాటున ఉంచాడు. ఎర్రకోట్లు తొడిగిన సిపాయిలు మాత్రం బయటికి కనబడేలా నిలబడ్డారు. ఫ్రెంచి సైన్యం ఆ ఎర్రకోట్లను చూసి, అసలు ఇంగ్లిష్ పటాలం ఇదేననుకుని సిపాయిల మీద పడింది. పైరు వెనక నుంచి అసలు పటాలం పేల్చిన తుపాకులకు వరసలు వరసలుగా కూలింది.

అక్కడి నుంచి ఫోర్డ్ బందరు చేరాడు. జీతాలందక అతని సైనికులే ఒక దశలో తిరగబడ్డారు. బయట నిజాం సలాబత్ జంగ్ సైన్యం దగ్గరికొస్తోంది. కోటలో ఉన్న ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర ఇతనికంటే ఎక్కువమంది ఉన్నారు. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ బురద పర్రల మీదుగా మనుషుల్ని నడిపించి, తెల్లారేసరికి కోట పట్టుకున్నాడు. నెల తిరగ్గానే సలాబత్ జంగ్ బందరునూ, దాని చుట్టుపక్కల పరగణాలనూ ఇంగ్లిష్‌వాళ్లకు రాసిచ్చాడు. కోస్తా తీరంలో ఫ్రెంచివాళ్ల ఆధిపత్యం దాంతో ముగిసింది. ఫోర్డ్‌కు మాత్రం సమాధి కూడా లేదు. పదేళ్ల తర్వాత అతనెక్కిన అరోరా అనే ఓడ కేప్ దాటాక సముద్రంలో ఆనవాలు లేకుండా పోయింది.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. చందుర్తిలో ఫోర్డ్ వైపు నిలిచిన ఆనంద గజపతి సేనలో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ ఉన్నారు. మద్రాసు సైన్యం మొదటి నుంచీ తెలుగువాళ్లనూ తమిళులనూ నమ్ముకుని పెరిగింది. ‘వాళ్ల’ పటాలాల చరిత్ర అని మనం పక్కన పెట్టేసినదాంట్లో మన తాతలు రెండు వైపులా ఉన్నారు.

కందనవోలు నవాబులు

1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను కంపెనీకి వదిలేశాడు. అదే దత్తమండలం. ఎనభై మంది పాలెగాళ్లను అణచి, ఊరూరా పొలాలు కొలిపించి, రైతుకు నేరుగా పట్టా ఇచ్చే పద్ధతి తెచ్చిన థామస్ మన్రో కూడా మొదట మద్రాసు పదాతి సైన్యంలో కుర్ర క్యాడెట్‌గా చేరినవాడే. ఆ మన్రో గవర్నరై, సెలవు తీసుకునే ముందు పాత చోట్లన్నీ ఒకసారి చూసిపోదామని వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ రోజుల్లో దత్తమండలంలో దండు నడిచిందంటే తుపాకీ గుండు కంటే కలరాకే ఎక్కువ భయపడేవారు.

కర్నూలు మాత్రం నేరుగా కంపెనీ కిందికి రాలేదు. ఏటా లక్ష రూపాయల పేష్కష్ (కప్పం) కట్టే పఠాన్ నవాబుల సంస్థానంగా ఉండిపోయింది. ఈ నవాబులు సామాన్యులు కారు. 1751లో రాయచోటి దగ్గర నిజాం ముజఫర్ జంగ్‌ను పోరులో చంపింది కర్నూలు నవాబే. తానూ అక్కడే ప్రాణం వదిలాడు. తర్వాతి తరాల్లో ఆ తెగువ ఇంటిపోరుగా మారింది. 1815లో వారసత్వం తగవులో కంపెనీ సైన్యం కోటను ముట్టడించి మునవ్వర్ ఖాన్‌ను గద్దె ఎక్కించింది. 1823లో అతను పోయాడు. తర్వాత గద్దె ఎక్కాల్సిన ముజఫర్ ఖాన్ భార్యను చంపి బళ్లారి కోటలో ఖైదీ అయ్యాడు. అలా తమ్ముడు గులాం రసూల్ ఖాన్ నవాబయ్యాడు. ఆఖరి నవాబు అతనే.

కొండ మీద ఇద్దరు సాక్షులు

ఈ నవాబుల కాలంలో శ్రీశైలం ఎలా ఉండేదో చెప్పిన ఇద్దరున్నారు. ఒకరు సైనికుడు, మరొకరు యాత్రికుడు.

మొదటివాడు కాలిన్ మెకంజీ. స్కాట్లాండ్ పశ్చిమ దీవుల్లో పుట్టి, మద్రాసు సైన్యంలో చేరి, ఇంజినీరుగా నిజాం రాజ్యాన్ని కొలుస్తూ తిరిగిన కెప్టెన్. తెలుగు ఊళ్ల స్థానిక చరిత్రలైన కైఫీయతులు మనకు దక్కింది ఈయన పుణ్యాన్నే. 1794లో కొండెక్కాడు. ప్రాకారపు గోడ నిండా ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, పురాణ కథలు వరసగా చెక్కి ఉండడం చూసి ముగ్ధుడయ్యాడు. పరదేశి కాబట్టి గర్భగుడిలోకి రానివ్వరు. అప్పుడు అక్కడివాళ్లు ఒక ఉపాయం చేశారు. బయట ఎండలో అద్దం పట్టి, ఆ వెలుతురును ద్వారాల గుండా లోపలికి మళ్లించారు. చీకటి గర్భగుడిలో ఆ వెలుగు పడినప్పుడు దూరం నుంచే మల్లికార్జునుణ్ని చూశాడు మెకంజీ. స్వామిని మల్లెలతో కొలిచిన రాకుమారి చంద్రవతి కథ విన్నాడు. చెంచులను పిలిపించి వాళ్ల బతుకు సంగతులు అడిగాడు. అన్నీ రాసి అచ్చు వేయించాడు. గుడికి వచ్చే రాబడి మీద నవాబు మనుషుల అజమాయిషీ ఉండేదనీ దాంట్లో నమోదు చేశాడు.

రెండోవారు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో కాశీకి బయల్దేరి కడప, అహోబిలం చూసుకుని ఆత్మకూరు నుంచి నల్లమల ఎక్కారు. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా ఆయన నడిచిన బాటనే ఉగాదికి వచ్చే కన్నడ భక్తులు ఇప్పటికీ నడుస్తారు. ఆయన కాశీయాత్ర చరిత్ర తెలుగు యాత్రా సాహిత్యానికి తొలి మెట్టు. అందులో శ్రీశైలం గురించి రాసింది చదివితే మనసు కలుక్కుమంటుంది. యాత్రికుడి తల మీద పన్ను, అభిషేకానికి రుసుము, ఏ సేవ చేయించుకోవాలన్నా ఒక ధర. వసూలంతా కందనూరి (కర్నూలు) నవాబుకు పోతుంది. గుడి బాగోగులు పట్టించుకునే దిక్కు లేదు. ఆ బాధ ఆయన రాతలో దాచకుండా కనిపిస్తుంది. ఆయన ఇంగ్లిష్‌వాళ్ల కోర్టు ఉద్యోగి కాబట్టి నవాబుల మీద చిన్నచూపు ఉండి ఉండవచ్చు అనేవారున్నారు. కానీ ఆయన కంపెనీ ఇలాకాలోని లోపాలనూ అంతే ముక్కుసూటిగా రాసినవారు. పైగా కళ్లతో చూసి, కాళ్లతో నడిచి, సొంత డబ్బు కట్టి రాసిన మాట అది. నేను దాన్నే నమ్ముతాను.

జొహరాపురం

1839 నాటికి కంపెనీ దొరల కంటికి నిద్ర లేదు. ఆ ఆగస్టులో వాళ్ల సైన్యం కాబూల్‌లో అడుగుపెట్టింది. దక్షిణాన ఎక్కడ ముస్లిం ప్రభువు ఆయుధం పట్టినా అది పెద్ద కుట్రలో భాగమేనన్న అనుమానం. హైదరాబాద్‌లో నిజాం సొంత తమ్ముడు ముబారిజుద్దౌలా వహాబీలతో చేతులు కలిపాడని రెసిడెంట్ ఫ్రేజర్ తేల్చాడు. అతణ్ని గోల్కొండలో బంధించారు. 1854లో అక్కడే కన్నుమూశాడు. ఆ విచారణలో కర్నూలు నవాబు పేరూ బయటికొచ్చింది. గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఫిరంగులు పోత పోయిస్తున్నాడని, మందుగుండు పోగేస్తున్నాడని వేగులు చెప్పారు.

కంపెనీ సైన్యాన్ని పంపింది. మద్రాసు సిపాయి పటాలాలతో పాటు ఇంగ్లండు రాణి సైన్యం నుంచి 13వ లైట్ డ్రాగూన్లనే గుర్రపు దండు, 39వ పదాతి దళం వచ్చాయి. ప్లాసీ నాటి మనుషులు ఎవరూ లేరు, పేరు ఒక్కటే మిగిలింది. ఈ తరం 39వ దళం అప్పటికి కొన్నేళ్ల కిందట ఆస్ట్రేలియాలో ఖైదీలకు కాపలా కాసి వచ్చింది. ముర్రే నదిని పడవలో చివరిదాకా వెళ్లి కనిపెట్టిన చార్లెస్ స్టర్ట్ ఈ దళం కెప్టెనే. ఇండియాకు తిరిగొచ్చాక 1834లో కొడగు రాజును గద్దె దింపిన యుద్ధంలోనూ ఉంది.

కర్నూలు కోట గుమ్మాలు పోరు లేకుండానే తెరుచుకున్నాయి. లోపల చూసినవాళ్లు నిర్ఘాంతపోయారు. ఫిరంగులు పోత పోసే కొలిమి, గుట్టలుగా గుండ్లు, తుపాకులు, మందు. ఇంత చిన్న సంస్థానానికి ఇంత సరంజామా ఎందుకన్న ప్రశ్నకు కంపెనీ తనకు కావలసిన జవాబు చెప్పుకుంది. నా మటుకు, గద్దె ఎప్పుడు పోతుందో తెలియని నవాబు భయం కూడా అందులో ఉందనిపిస్తుంది. అన్నను బళ్లారి కోటలో పెట్టినవాళ్లు తనను ఎంతకాలం ఉండనిస్తారన్న దిగులు అతనికి ఉండదా?

నవాబు అప్పటికే కోట వదిలి జొహరాపురం చేరాడు. చుట్టూ పఠాన్లు, రోహిల్లాలు, అరబ్బులు. వీళ్లలో చాలామంది కిరాయి సిపాయిలు. నెలల తరబడి జీతాలు అందలేదు. ఆ బకాయిలు తేలే దాకా నవాబును కదలనివ్వబోమని పట్టుపట్టారు. అంటే గులాం రసూల్ ఖాన్ ఏకకాలంలో వాళ్లకు ప్రభువు, వాళ్ల చేతిలో తాకట్టు. మాటలతో తేల్చుకుందామని కంపెనీ అధికారులు చేసిన ప్రయత్నం సాగలేదు.

అక్టోబర్ 18న లెఫ్టినెంట్ కర్నల్ డైస్ సైన్యాన్ని నడిపించాడు. అతను 34వ మద్రాసు లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందినవాడు. జొహరాపురంలో ఉన్నవాళ్లు పారిపోలేదు. కత్తులు దూసి ఎదురొచ్చారు. తుపాకులు, ఫిరంగులు, గుర్రపు దండు ఒకవైపు. గెలిచే ఆశ లేదని తెలిసీ మొండిగా నిలబడ్డ మనుషులు మరోవైపు. కంపెనీ వైపూ అధికారులు, సిపాయిలు చనిపోయారు. అటువైపు మాత్రం శవాల గుట్టలే మిగిలాయి. నవాబు పట్టుబడ్డాడు. కంపెనీ వైపు ప్రాణం ఒడ్డిన మద్రాసు సిపాయిల్లో మన పల్లెలవాళ్లు ఉన్నారు. నవాబు వైపు, ఎడారి దాటి, సముద్రం దాటి బతుకుదెరువుకు వచ్చి, రావలసిన జీతం కోసం నిలబడి చచ్చిపోయినవాళ్లున్నారు. వాళ్ల పేర్లు ఏ జెండా మీదా ఎక్కవు.

గులాం రసూల్ ఖాన్‌ను తిరుచిరాపల్లి పంపారు. 1840లో అక్కడే ఒక అనుచరుడు అతణ్ని పొడిచి చంపాడు. క్రైస్తవం వైపు మొగ్గుతున్నాడన్న అనుమానమే కారణమన్నారు. కర్నూలు కంపెనీ ఇలాకాలో కలిసింది. 1858లో కడప నుంచి కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల, బళ్లారి నుంచి పత్తికొండ చేర్చి జిల్లా చేశారు. కోట గోడల్ని చాలావరకు పడగొట్టారు. మిగిలినవాటిలో కొండారెడ్డి బురుజు ఇప్పుడు నగరానికి గుర్తు.

ఆ తర్వాత ఆ పటాలం

కర్నూలు నుంచి వెళ్లిన 13వ డ్రాగూన్లు 1854లో బాలక్లావాలో రష్యన్ ఫిరంగుల నోట్లోకి దూసుకెళ్లిన లైట్ బ్రిగేడ్‌లో ఉన్నారు. 39వ దళం 1843 డిసెంబర్ 29న మహారాజ్‌పూర్‌లో గ్వాలియర్ సేన మీద పోరాడి చాలామందిని పోగొట్టుకుంది. 1881లో 54వ దళంతో కలిసి డోర్సెట్‌షైర్ రెజిమెంట్ అయింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ రెజిమెంట్ రెండో పటాలం ఇప్పటి ఇరాక్‌లో కుట్ దగ్గర తుర్కుల ముట్టడిలో చిక్కుకుని, తిండి లేక, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది. ఖైదులోకి పోయిన 350 మందిలో తిరిగి ఇల్లు చేరింది 70 మందే. సరిగ్గా ఆ కాలంలోనే తుర్కీ ఖైదీలను తెచ్చి బళ్లారిలో పెట్టారు. డోర్సెట్ పల్లెల యువకులు అనటోలియా ఎండల్లో కూలుతుంటే, అనటోలియా రైతుబిడ్డలు మన దత్తమండలం ఎండల్లో ఇంటి దారి కోసం ఎదురుచూశారు.

రెండో ప్రపంచ యుద్ధంలో అదే పటాలం కొహిమాలో జిల్లా అధికారి బంగళా టెన్నిస్ మైదానం కోసం జపాన్‌వాళ్లతో గజం గజానికీ పోరాడింది. 1944 మే 13న ఒక టాంకును కొండ మీది నుంచి కిందికి దించి, చేతికందే దూరం నుంచి బంకర్లను పేల్చాక ఆ నేల చిక్కింది. 39వ దళానికి నేరుగా వారసురాలైన మొదటి పటాలం అదే ఏడాది జూన్ 6న నార్మండీ ఒడ్డున దిగింది. 1958లో డెవన్‌షైర్ రెజిమెంట్‌తోనూ, 2007లో రైఫిల్స్‌లోనూ కలిసి ఆ పాత పేరు కనుమరుగైంది.

కొండ ఎవరిదైంది

ఇక మన కొండ సంగతి. నవాబు పోగానే శ్రీశైలం కంపెనీ చేతికి వచ్చింది. సరిగ్గా అప్పుడే కంపెనీ గుళ్ల నుంచి చేతులు కడుక్కోవాలని చూస్తోంది. హిందూ దేవుళ్ల ఊరేగింపులకు సైనికులతో మర్యాదలు చేయించడం ఏమిటని ఇంగ్లండులో మతపెద్దలు గోల పెట్టారు. వాటర్లూలో గార్డ్స్‌ను నడిపిన మద్రాసు సేనాధిపతి పెరిగ్రిన్ మెయిట్‌లండ్ ఈ విషయం మీదే 1838లో పదవి వదులుకున్నాడు. అందుకే కర్నూలుతో పాటు వచ్చిన ఈ గుడిని తానే నడపడానికి కంపెనీ సిద్ధపడలేదు. కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న పుష్పగిరి పీఠానికి అప్పగించింది.

కొత్త ఏలుబడిలో కర్నూలులో సహాయ కమిషనరుగా పనిచేసిన కెప్టెన్ న్యూబోల్డ్ కూడా మద్రాసు పదాతి సైనికుడే. బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో ఎముకల శిలాజాలను లోకానికి చూపాడు, నల్లమల చెంచుల మీద వ్యాసం రాశాడు. కానీ అదే ఏలుబడి, భరణం తగాదాతో మొదలై 1846లో తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను ఏళ్ల తరబడి కొరతకు వేలాడదీసింది. ఒకే దశాబ్దంలో, తర్వాత ఒకే జిల్లా అయిన నేల మీద ఈ రెండూ జరిగాయి. రెండింటినీ కలిపి చదవాలి.

పుష్పగిరి పీఠం ఉన్నది కడపలో. కొండ ఉన్నది రోజుల నడక దూరంలో, పులులూ జ్వరాలూ తిరిగే అడవి నడుమ. అంత దూరం నుంచి గుడిని కనిపెట్టుకుని ఉండడం తేలిక కాలేదు. 1929లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1949లో శ్రీశైలం దేవాదాయ శాఖ కిందికి వచ్చింది. జొహరాపురం పోరు జరిగిన ఏడాది నుంచి లెక్కిస్తే అప్పటికి నూటపదేళ్లు.